తప్పులో దారి వెతికిన మనస్తత్వవేత్త: మేరీ క్లే, న్యూజిలాండ్‌లో పఠన శిక్షణ

ఇంగ్లీషు మాట్లాడే దేశాల ప్రాథమిక పాఠశాలల్లో చదవడం నేర్పే తీరును 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో గట్టిగా ప్రభావితం చేసినవారిలో న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే (1926–2007) ఒకరు. పుట్టినది మొదలు పిల్లల ఆలోచన, భాష, నడవడి వయసుతోపాటు ఎలా ఎదుగుతాయో పరిశీలించే వికాసాత్మక మనస్తత్వ శాస్త్రం ఆమె రంగం కాగా, తోటివారంతా చదువుతుంటే తాము చదవలేక వెనకబడే ఐదారేళ్ల పిల్లల స్థితిని అర్థం చేసుకోవడం ఆమె జీవితకాలపు కృషి అయింది. ఆ కృషి నుంచి పుట్టిన ‘రీడింగ్ రికవరీ’ అనే శిక్షణ కార్యక్రమం న్యూజిలాండ్ నుంచి ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, ఇంగ్లండ్ దేశాలకు వ్యాపించి, నలభై ఏళ్లకు పైగా నిలిచి, చివరకు పుట్టిన దేశంలోనే ప్రభుత్వ నిధులను కోల్పోయింది. ఈ చరిత్రను అక్షరాలకు మొదటి స్థానం ఇచ్చే బోధన వర్గానికీ, అర్థానికి మొదటి స్థానం ఇచ్చే వర్గానికీ మధ్య సాగిన పోరుగా చెప్పడం పరిపాటి. అయితే ఆమె తయారుచేసిన పరీక్షలను, నమోదు పద్ధతులను దగ్గరగా చూసినప్పుడు తెలిసేది వేరు: పిల్లలను చూడడంలో ఆమెకు అసాధారణమైన నిశితత్వాన్ని ఇచ్చిన పద్ధతిలోనే, ఆమె సిద్ధాంతం దారి తప్పడానికి కారణమైన లోపం కూడా ఇమిడి ఉంది.

క్లే వెల్లింగ్టన్‌లో పుట్టి, అక్కడే ఉపాధ్యాయ శిక్షణ పొంది, విక్టోరియా యూనివర్సిటీ కాలేజీలో ఎం.ఎ. పట్టా కోసం ప్రత్యేక తరగతుల పిల్లలకు చదవడం నేర్పే విషయంపైనే సిద్ధాంత వ్యాసం రాశారు. ఆ తరువాత ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంపై అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి వెళ్లి శిశు వికాస అధ్యయనంలో శిక్షణ పొందారు; తిరిగి వచ్చాక కొంతకాలం బడిలో పాఠాలు చెప్పి, పాఠశాల మనస్తత్వవేత్తగా పనిచేసి, 1960లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ రోజుల్లో చదవలేని బిడ్డ మనస్తత్వవేత్త దగ్గరికి చేరేసరికి సాధారణంగా రెండు మూడేళ్ల వైఫల్యం గడిచిపోయి ఉండేది. బిడ్డకు తెలివితేటల పరీక్ష పెట్టి, ఇంటి పరిస్థితులు విచారించి, లోపం బుద్ధిలో ఉందనో, పెంపకంలో ఉందనో, మనసులోని కలతలో ఉందనో తేల్చేవారు. ఈ నిర్ణయాలలో కొన్ని నిజమే కావచ్చు. కానీ ఆ బిడ్డ పుస్తకం ముందు కూర్చున్నప్పుడు కళ్లతో, నోటితో, వేలితో ఏం చేస్తున్నాడో ఒక్కసారి కూడా చూడకుండానే అవన్నీ చెప్పేయవచ్చు. క్లే అసంతృప్తి అక్కడే మొదలైంది.

న్యూజిలాండ్‌లో పిల్లలు ఐదో పుట్టినరోజు రాగానే, అది ఏ నెలలో వచ్చినా సరే, బడిలో చేరడం ఆచారం. క్లే తన డాక్టరేట్ పరిశోధన కోసం అలా కొత్తగా చేరిన 100 మంది ఆక్లండ్ పిల్లలను ఎంచుకుని, మొదటి ఏడాది అంతా వారం వారం వారి చదువును పరిశీలించారు. ఏడాది మొదట్లో ఒక పరీక్ష, చివర్లో మరొక పరీక్ష పెట్టి సగటు మార్కులు లెక్కగట్టడం పరిశోధనకు గౌరవప్రదమైన మార్గంగా చెలామణి అవుతున్న కాలంలో, ఆమె పిల్లవాడి పక్కన కూర్చుని, అతడు బయటికి చదివిన ప్రతి మాటను, ఆగిన ప్రతి చోటును, వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన ప్రతి వాక్యాన్ని కాగితం మీద పెట్టారు. 1966లో పూర్తయిన ఈ పరిశోధన అప్పటివరకు ఎవరూ ఇంత ఓపికగా చూడని దశను వెలుగులోకి తెచ్చింది. చదవడం ఇంకా రాని బిడ్డ కూడా ఖాళీగా లేడనీ, పుస్తకం ఎటు తిప్పి పట్టుకోవాలి, చదువు ఎక్కడ మొదలై ఎటు సాగుతుంది, పలికే మాటకూ అచ్చులోని అక్షరాల గుంపుకూ సంబంధం ఏమిటి అన్న ప్రశ్నలకు తనదైన జవాబులు కట్టుకుంటూ ఉంటాడనీ ఆమె చూపించారు.

ఆ నమోదుల్లో ఆమెను అన్నిటికన్నా ఆకట్టుకున్నది పిల్లలు తమ తప్పును తామే దిద్దుకోవడం. బాగా ముందుకు సాగుతున్న పిల్లలు తప్పులు చేయకపోవడం కాదు, చేసిన తప్పు ఎక్కడో అతకలేదని గ్రహించి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి మళ్లి సరిచేసుకోవడం వారి ప్రత్యేకత; వెనకబడుతున్న పిల్లలు తప్పు మీద నుంచి అలాగే సాగిపోయేవారు లేదా పెద్దల ముఖం చూసి ఆగిపోయేవారు. పిల్లవాడు తన చదువును తానే గమనించుకుంటూ ఉండడమే నేర్చుకోవడంలో అసలు చోదకశక్తి అని ఆమె నిర్ధారించుకున్నారు. ఆ కాలపు తరగతి గదిలో తప్పు అంటే ఎర్ర సిరాతో కొట్టివేయవలసిన వస్తువు మాత్రమే. దానిని బిడ్డ ఆలోచనకు ఆనవాలుగా, గౌరవంతో చదవవలసిన సాక్ష్యంగా నిలబెట్టడం చిన్న మార్పు కాదు.

ఈ పరిశీలన నుంచే ‘రన్నింగ్ రికార్డ్’ అనే నమోదు పద్ధతి పుట్టింది. పిల్లవాడు పుస్తకం చదువుతుంటే ఉపాధ్యాయిని ఒక తెల్ల కాగితం మీద, సరిగ్గా చదివిన ప్రతి మాటకు ఒక టిక్కు పెడుతూ, తప్పు చదివిన చోట పిల్లవాడు పలికిన మాటను పైన, అచ్చులో ఉన్న మాటను కింద రాసి, దిద్దుకున్న చోటుకు వేరే గుర్తు వేస్తుంది. దీనికి ప్రత్యేకమైన పుస్తకం గానీ, అచ్చు వేసిన ఫారం గానీ అవసరం లేదు. పెన్సిలు పట్టగల ఏ ఉపాధ్యాయిని అయినా, ఏ మూల బడిలో అయినా చేయవచ్చు. చదివిన మాటల్లో నూటికి 90 నుంచి 94 వరకు సరిగ్గా వస్తే ఆ పుస్తకం నేర్చుకోవడానికి తగినదనీ, అంతకన్నా తగ్గితే బిడ్డ స్థాయికి మించినదనీ లెక్క. దీనికి తోడుగా ఆమె, అచ్చు గురించి బిడ్డకు ఏం తెలుసో కనుక్కునే పరీక్ష కోసం ‘శాండ్’ (1972), ‘స్టోన్స్’ (1979) అనే రెండు చిన్న పుస్తకాలు తయారుచేశారు. చూడడానికి మామూలు బొమ్మల కథలే అయినా, వాటిలో ఒక చోట బొమ్మ తలకిందులుగా ఉంటుంది, ఒక చోట వాక్యాల వరుస తారుమారై ఉంటుంది, ఇంకొక చోట మాటలో అక్షరాలు స్థానం మారి ఉంటాయి; ఉపాధ్యాయిని చదివి వినిపిస్తూ పోతుంటే వాటిలో వేటిని బిడ్డ కనిపెడతాడో దానిని బట్టి అచ్చులోకం అతడికి ఎంతవరకు తెలిసిందో తేలుతుంది. ఐదేళ్ల బిడ్డకు పరీక్ష అన్న భయం కలగకుండా ఇంత సూక్ష్మమైన సంగతులు రాబట్టే సాధనాలు విద్యా మనస్తత్వ శాస్త్ర చరిత్రలో అరుదు.

వైఫల్యం ముదిరే వరకు వేచి ఉండకూడదన్నది క్లే వాదనలోని రెండో స్తంభం. ఏడాది పాటు తరగతిలో చదువుకునే అవకాశం ఇచ్చి, ఆరో పుట్టినరోజు దగ్గర పడగానే ప్రతి బిడ్డనూ విడిగా కూర్చోబెట్టి పరిశీలిస్తే, ఎవరు జారిపోతున్నారో అప్పుడే తెలుస్తుందని ఆమె చెప్పారు. అక్షరాల గుర్తింపు, తరచుగా వచ్చే పదాలు చదవడం, అచ్చు గురించిన అవగాహన, బిడ్డ తనంతట తాను రాయగలిగిన మాటలు, విన్న వాక్యంలోని ధ్వనులను అక్షరాల్లో పెట్టడం, పుస్తకం చదవడం అనే ఆరు అంశాలతో ఈ పరిశీలన రూపొందింది. 1975లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పదవి పొందిన మొదటి మహిళగా ఆమె విద్యా విభాగ బాధ్యతలు స్వీకరించిన మరుసటి ఏడాదే, అలా గుర్తించిన పిల్లలకు ఏం చేయాలన్న ప్రశ్నపై పరిశోధన మొదలైంది.

ఆ పరిశోధన సాగిన తీరు గుర్తుంచుకోదగినది. ఒక వైపు నుంచి మాత్రమే చూడగలిగే అద్దం వెనక ఉపాధ్యాయినులూ పరిశోధకులూ కూర్చునేవారు. అద్దానికి అవతల ఒక ఉపాధ్యాయిని ఒక బిడ్డకు పాఠం చెబుతూ ఉండేది. ఆమె ఏ క్షణంలో ఏం చేసింది, దానికి బిడ్డ ఎలా స్పందించాడు, ఎందుకు అలా చేసింది అన్న చర్చ ఇవతల అప్పటికప్పుడు సాగేది. పనికివచ్చినవి నిలిచాయి, పనికిరానివి తొలగిపోయాయి. అలా కుదురుకున్న పాఠం రోజుకు 30 నిమిషాలు, ఒక బిడ్డకు ఒక ఉపాధ్యాయిని చొప్పున, 12 నుంచి 20 వారాలు సాగుతుంది. బిడ్డ ముందుగా తనకు తెలిసిన పుస్తకాలు మళ్లీ చదువుతాడు. నిన్న కొత్తగా పరిచయమైన పుస్తకాన్ని ఒంటరిగా చదువుతుంటే ఉపాధ్యాయిని రన్నింగ్ రికార్డ్ రాస్తుంది. పలక మీద అయస్కాంతపు అక్షరాలతో కొంత పని జరుగుతుంది. ఆపై బిడ్డ తన సొంత వాక్యం ఒకటి చెప్పి రాస్తాడు, దానిని ముక్కలుగా కత్తిరించి ఇస్తే మళ్లీ పేరుస్తాడు. చివరగా మరో కొత్త పుస్తకం వస్తుంది. మొదటి రెండు వారాలు ఉపాధ్యాయిని కొత్తగా ఏదీ నేర్పకూడదని, బిడ్డకు ఇప్పటికే తెలిసిన వాటి మధ్యనే ఇద్దరూ తిరుగుతూ గడపాలని క్లే నియమం పెట్టారు. తనకు ఏమీ రాదని నమ్మే స్థితికి చేరిన బిడ్డకు, తనకు వచ్చినది ఎంత ఉందో ముందుగా కనిపించాలన్న ఈ నియమంలో ఆమె మానవీయత పూర్తిగా వ్యక్తమవుతుంది.

1978లో ఆక్లండ్ పాఠశాలల్లో క్షేత్ర ప్రయోగాలు జరిగాయి, 1980ల మధ్యకల్లా దేశమంతటా ‘రీడింగ్ రికవరీ’ పేరుతో ఈ కార్యక్రమం అమలైంది. ఉపాధ్యాయినులకు ఏడాది శిక్షణ ఉండేది. అద్దం వెనక తోటివారు చూస్తుండగా పాఠం చెప్పడం అందులో తప్పనిసరి. కార్యక్రమం 1984లో ఆస్ట్రేలియాలోని బెండిగోకూ, అదే కాలంలో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికీ చేరి, 1990ల ఆరంభంలో ఇంగ్లండ్‌లో అడుగుపెట్టి, అమెరికాలో స్పానిష్ మాట్లాడే పిల్లల కోసం, కెనడాలో ఫ్రెంచి పిల్లల కోసం ఆ భాషల్లో కూడా రూపొందింది. 1987లో క్లేకు ‘డేమ్’ బిరుదు లభించింది. అంతర్జాతీయ పఠన సంఘానికి ఆమె అధ్యక్షురాలయ్యారు. అదే 1987లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఆమె, ‘అభ్యసన వైకల్యం’ అనే ముద్ర పొందిన పిల్లల్లో చాలామంది పుట్టుకతో అలాంటివారు కారనీ, మొదట్లో ఏర్పడిన తప్పుడు అలవాట్లు ఎవరూ సరిచేయక గట్టిపడి అలా తయారవుతారనీ వాదించారు. బిడ్డ వెనకబడడానికి కారణం ఏదైనా సరే, తరగతిలో అందరికన్నా కింద ఉన్నవారినే ముందుగా తీసుకోవాలన్నది ఆమె కార్యక్రమంలోని మారని నియమం.

ఇంతటి కృషికి ఆధారమైన సిద్ధాంతం మాత్రం వేరే పరిశీలన కోరుతుంది. పిల్లవాడు ఒక మాటను గుర్తించడానికి మూడు రకాల ఆధారాలు వాడుకుంటాడని క్లే భావించారు: కథలోని అర్థం, వాక్యపు నడక, కంటికి కనిపించే అక్షరాలు. వాక్యంలో ‘గుర్రం’ అని ఉన్నచోట బొమ్మ చూసి ‘కంచర గాడిద’ అని చదివిన బిడ్డ అర్థాన్ని వాడాడు గానీ అక్షరాలను వాడలేదన్నమాట. ఇంగ్లీషులో స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొంతన తక్కువ కాబట్టి అక్షరాలను అన్నిటికన్నా బలహీనమైన ఆధారంగా, అర్థంతో వేసిన ఊహను నిర్ధారించుకోవడానికి పనికివచ్చేదిగా ఆమె చూశారు. అమెరికాలో కెన్ గుడ్‌మన్ 1967లో చదవడాన్ని ఊహల మీద ఆధారపడిన క్రీడగా వర్ణించి ఇదే దిశలో సాగారు. ఇద్దరూ వేర్వేరుగా పనిచేసి దాదాపు ఒకే చోటికి చేరారు. ఇది తరగతి గదికి చేరేసరికి, తెలియని మాట వస్తే బొమ్మ చూడు, మొదటి అక్షరం చూసి సరిపోయే మాట ఊహించు, దాటి చదివి మళ్లీ వెనక్కి రా అనే సలహాలుగా స్థిరపడింది.

క్లే వంటి నిశితమైన పరిశీలకురాలు ఈ నిర్ణయానికి ఎలా వచ్చారన్న ప్రశ్నకు జవాబు ఆమె రన్నింగ్ రికార్డ్ కాగితంలోనే ఉంది. సరిగ్గా చదివిన మాటకు అక్కడ మిగిలేది ఒక టిక్కు. ఆ మాటను బిడ్డ ఎలా చదివాడో ఆ టిక్కు చెప్పదు. తప్పు చదివిన మాటకే విశ్లేషణ జరుగుతుంది. అక్షరాలను కూడబలుక్కుని సరిగ్గా పలికిన నూరు మాటలు నిశ్శబ్దంగా సాగిపోతే, అక్షరాలు అందక అర్థంతో నెట్టుకొచ్చిన పది మాటలు పరిశోధకురాలి కళ్ల ముందు నిలుస్తాయి. చదువు తడబడిన చోట బిడ్డ ఆశ్రయించేది ఊహ కాబట్టి, తడబాట్లను మాత్రమే చదివే పద్ధతికి చదువంటేనే ఊహగా కనిపించడంలో వింత లేదు. దిద్దుకోవడం విషయంలోనూ అంతే. అర్థం అతకలేదని తెలిసి బిడ్డ ఆగాడన్నది నిజమే అయినా, సరైన మాటను అందుకోవడానికి అతడు మళ్లీ చూసింది చాలాసార్లు అక్షరాలనే.

1970లలోనే ఈ సిద్ధాంతానికి విరుద్ధమైన సాక్ష్యం పోగుపడడం మొదలైంది. జార్జ్ మెక్‌కాంకీ, కీత్ రేనర్ కంటి కదలికలను నమోదు చేసే యంత్రాలతో చేసిన పరిశోధనలు, తరువాత అదే దారిలో సాగినవి, నేర్పుగల పాఠకులు మాటలను దాటవేయడం తక్కువనీ, అర్థం మోసే మాటల్లో అత్యధిక భాగంపై చూపు నిలుపుతారనీ చూపాయి. కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ అనే మనస్తత్వవేత్తలు బాగా చదివేవారు సందర్భాన్ని ఎక్కువగా వాడుకుంటారని అనుకునే ప్రయోగాలు మొదలుపెట్టి, ఫలితం తలకిందులుగా రావడం చూశారు: మాటను గుర్తించడానికి సందర్భం మీద ఎక్కువగా ఆధారపడేది బలహీనమైన పాఠకులే. అర్థం గ్రహించడంలో సందర్భానికి ఉన్న పాత్రను ఇది తగ్గించదు; మాటను గుర్తించే పనిని మాత్రం అక్షరాలకే అప్పగిస్తుంది.

తెలుగు లిపితో అలవాటుపడిన పాఠకుడికి ఈ వివాదం కొంత వింతగా తోచవచ్చు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు పట్టుబడిన బిడ్డ తనకు అర్థం తెలియని మాటను సైతం ఉన్నది ఉన్నట్టు పలకగలడు. నేర్చుకోవలసిన రూపాల సంఖ్య పెద్దది కావడం, ఒకదానిని పోలి మరొకటి ఉండడం అతడి కష్టం గానీ, రాసినదొకటి పలికేదొకటి కావడం కాదు. ఒకే అక్షరం వేర్వేరు మాటల్లో వేర్వేరుగా పలికే ఇంగ్లీషులో మాత్రమే, అక్షరాలను నమ్ముకుంటే దారి తెగిపోతుందన్న నిస్పృహకు అంత బలం చేకూరింది. ఆ కారణంగానే, ఇంగ్లీషు మాధ్యమంలో అక్షరాభ్యాసం చేస్తున్న లక్షలాది తెలుగు పిల్లలకు ఈ చర్చ పరాయిది కాదు.

న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన విమర్శ ఈ చరిత్రలో ప్రధానమైనది. శాండ్రా ఐవర్సన్, విలియం టన్మర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో రీడింగ్ రికవరీ పాఠానికి, మాటలోని ధ్వనులకూ అక్షరాల సముదాయాలకూ ఉన్న సంబంధాన్ని వరుసక్రమంలో నేర్పే భాగాన్ని జోడించారు. అలా నేర్చుకున్న పిల్లలు కార్యక్రమాన్ని ముగించే స్థాయికి 37 శాతం త్వరగా చేరుకున్నారు. క్లే పాఠంలో ధ్వనుల పని అసలు లేదనడం అన్యాయం. మాటలోని ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గడి గీసి, బిడ్డ మాటను సాగదీసి పలుకుతూ గడులు నింపే పద్ధతిని ఆమె సోవియట్ మనస్తత్వవేత్త ఎల్కోనిన్ నుంచి స్వీకరించారు. కానీ ఆ పని ప్రధానంగా రాత భాగంలో, బిడ్డ ఎంచుకున్న మాటల చుట్టూ, అవసరం పడినప్పుడు జరిగేది. ధ్వనుల పట్టు అసలే చిక్కని పిల్లలకు అది చాలలేదన్నది టన్మర్, ఆయన సహచరుడు జేమ్స్ చాప్‌మన్ పదే పదే చూపిన సంగతి. అన్నిటికన్నా కష్టంలో ఉన్న పిల్లల కోసం పుట్టిన కార్యక్రమం, సరిగ్గా ఆ పిల్లలకే తక్కువ మేలు చేసిందన్న ఈ నిర్ధారణ ఆమె కృషిని ప్రేమించేవారికి బాధ కలిగించేదే. దాన్ని పక్కకు నెట్టడానికి మాత్రం వీలులేదు.

2007లో క్లే మరణించిన తరువాతే అతి పెద్ద పరీక్ష జరిగింది. 2010లో అమెరికా ప్రభుత్వం కార్యక్రమ విస్తరణకు సుమారు 4.5 కోట్ల డాలర్లు కేటాయించగా, డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ మే బృందం దాని ఫలితాలను పరిశీలించింది. శిక్షణ ముగిసిన వెంటనే కొలిస్తే పిల్లల్లో స్పష్టమైన, పెద్ద ప్రగతి కనిపించింది. అదే బృందం 2022లో వెల్లడించిన అనుసరణ అధ్యయనంలో మాత్రం, మొదటి తరగతిలో ఈ శిక్షణ పొందిన పిల్లలు మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి, దాదాపు వారిలాంటివారే అయినా శిక్షణకు ఎంపిక కాని పిల్లలకన్నా వెనకబడి కనిపించారు. మధ్యలో బడులు మారి జాడ దొరకని పిల్లలు చాలామంది ఉండడం వల్ల ఈ ఫలితం మీద వాదాలు సాగాయి. 20 వారాల తరువాత ఆసరా పూర్తిగా తీసివేయడమే కారణమన్నది ఒక వివరణ కాగా, బొమ్మలూ ఊహించదగిన వాక్యాలూ ఉన్న చిన్న పుస్తకాల్లో పనికివచ్చిన నేర్పు, బొమ్మలు లేని, మాటలు పెరిగిన పై తరగతి పుస్తకాల్లో పనికిరాలేదన్నది మరొక వివరణ. మొదటి తరగతి పుస్తకంలో ఊహకు దొరికే ఆధారాలు నాలుగో తరగతి సాంఘిక శాస్త్ర పాఠంలో దొరకవు కాబట్టి, రెండో వివరణకే బలం ఎక్కువ.

2024లో న్యూజిలాండ్ ప్రభుత్వం రీడింగ్ రికవరీకి నిధులు ముగించి, ధ్వనులనూ అక్షరాలనూ సులువు నుంచి కష్టానికి క్రమంగా నేర్పే పద్ధతిని 2025 నుంచి ప్రభుత్వ పాఠశాలలకు తప్పనిసరి చేసింది. బిడ్డ బడిలో చేరిన 20 వారాలకు ఒకసారి, 40 వారాలకు మరొకసారి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి తనిఖీ చేయాలని కొత్త విధానం చెబుతోంది. ఆరో పుట్టినరోజు వరకు ఆగిన క్లే గడువు ఇందులో ఇంకా ముందుకు జరిగింది. ఈ తనిఖీలో అసలు మాటలతోపాటు ఏ అర్థమూ లేని కల్పిత పదాలు కూడా ఉంటాయి. వాటిని బొమ్మను బట్టి గానీ వాక్యాన్ని బట్టి గానీ ఊహించడం కుదరదు కనుక, రన్నింగ్ రికార్డ్‌లోని టిక్కు దాచిపెట్టిన సంగతి, అంటే బిడ్డ అక్షరాలను నిజంగా చదువుతున్నాడా లేదా అన్నది, ఇక్కడ బయటపడుతుంది. అయితే వరుసగా పది కల్పిత పదాలు తప్పిన బిడ్డ మొదటి అక్షరం పలికి ఆగిపోయాడా, మధ్య అచ్చును మాత్రమే పొరబడ్డాడా, తెలిసిన మాటగా మార్చి చదివాడా అన్నది మార్కు చెప్పదు. అది తెలియాలంటే ఉపాధ్యాయిని, 1960లలో ఆక్లండ్ బడుల్లో జరిగినట్టే, అతడు పలికిన ప్రతి మాటనూ పలికినట్టే రాసుకోవలసి ఉంటుంది.